బరంపురంలో ఆరు ఆదివారాల కథల తరగతి: రూ.1,800 పెట్టొచ్చా?

ఫీజు రూ.1,800. ఆరు ఆదివారాలు, పొద్దున్న 10 నించి ఒంటిగంట దాకా. 12 మందికి మించి తీసుకోరు. ఒడిశాలోని బరంపురంలో, గిరి రోడ్డు నించి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మేడమీద గది. పాఠం చెప్పేది ఇద్దరు: రిటైరైన తెలుగు మేష్టారు ఒకరు, ఒడియా నించి తెలుగులోకి అనువాదాలు చేసే ఆవిడ ఒకరు. కరపత్రంలో ఉన్నది ఒక్క ముక్క: మీ లోపలి గొడవని మీ పాత్రలకి పంచడం నేర్పుతాం అని. చదివితే ఇదేదో మనసు కుదుటపరిచే క్లాసులా ఉంటుంది గానీ, కాదు. పక్కా పనివాళ్ళ తరగతి. కొలతలుంటాయి, కొట్టివేతలుంటాయి.

ముందే చెప్పేస్తే మంచిది. రెండో తరగతీ మూడో తరగతీ కలిపి ఫీజుకి రెండింతలు విలువ చేస్తాయి. మొదటిది అవసరం. నాలుగోది సగంలో ఆగిపోయింది. అయిదోది శుద్ధ దండగ. ఆరోదానికి టైము చాలదు.

మొదటి ఆదివారం మూడు గంటలూ ఒకే వాక్యం మీద పోతుంది. చిన్న చీటీలు పది ఇస్తారు. చీటీకో వాక్యం. వాక్యంలో రెండు కోరికలుండాలి, మధ్యన 'కానీ' ఉండాలి, రెండు కోరికలూ ఒకే మనిషివి అయ్యుండాలి. చివరికి పదిట్లో ఒకటి ఉంచుకుని తొమ్మిది చింపేయాలి.

"ఊరొదిలి పోవాలని ఉంది, కానీ నాన్న ఒప్పుకోరు." దీన్ని కొట్టేస్తారు. ఇందులో కోరిక ఒకటే, అడ్డం నాన్న. రాసినవాడికి నాన్న మీద ఫిర్యాదుంది, లోపల గొడవ లేదు. ఫిర్యాదుతో కథ మొదలెడితే నాన్న పాత్ర గోడలా నిలబడిపోతుంది, కొడుకు ఆ గోడకి తల కొట్టుకుంటూనే ఉంటాడు. "ఊరొదిలి పోవాలని ఉంది, కానీ నేను లేకపోతే ఈ ఇల్లు గడవదని నలుగురూ అనుకోవడం కూడా నాకు కావాలి." ఇది నిలుస్తుంది. రెండో సగం రాస్తున్నప్పుడు చెయ్యి కాస్త తడబడాలి. తడబడకపోతే ఇంకా లోపలికి వెళ్ళలేదని లెక్క.

ఎక్కువమంది తప్పేది భయం దగ్గర. "ఆమెని ప్రేమించాను, కానీ భయం" అని రాసి పెడతారు. భయాన్ని అక్కడ ఉంచనివ్వరు. ఏది పోతుందని భయం? పరువా, ఆస్తిలో వాటానా, అక్క ముందు మంచివాడనే పేరా? పోతుందనుకున్న ఆ వస్తువు పేరు రాయమంటారు. రాయగానే 'భయం' అన్న మాట దానంతటదే వాక్యంలోంచి లేచిపోతుంది. ఈ ఒక్క మెలకువ తెలియక పత్రికలకి వెళ్ళిన కథలు ఎన్ని తిరిగొస్తాయో! పాత్ర లోపల ఏదో నలుగుతున్నట్టుంటుంది, ఏమిటో మాత్రం పాఠకుడికి అందదు.

రెండో ఆదివారం అసలు సరుకు. తరగతి మొత్తం రష్యన్ రచయిత దస్తయేవ్‌స్కీ చివరి నవల 'కరమజోవ్ సోదరులు' మీద నడుస్తుంది. నవల చదివి రానక్కర్లేదు, నాలుగు పేజీల జెరాక్సు ఇస్తారు. చూపించేది ఇది. 1878 మే నెలలో రచయిత చిన్నకొడుకు అల్యోషా మూర్ఛ వచ్చి చనిపోయాడు. మూడేళ్ళు కూడా నిండలేదు. మూర్ఛ తండ్రికీ ఉంది, ఆయన నించే వచ్చింది. ఆ దుఃఖం మీద 1879, 80 సంవత్సరాల్లో ఈ నవల పత్రికలో వచ్చింది. కొడుకు పోయిన తండ్రి కథే రాస్తాడని ఎవరైనా అనుకుంటారు. రాయలేదు. చనిపోయిన పిల్లాడి పేరు ముగ్గురన్నదమ్ముల్లో అందరికంటే నెమ్మదస్తుడైన చిన్నవాడికి పెట్టాడు. తన రోగాన్ని, కొడుకుని తీసుకుపోయిన రోగాన్ని, ఆ ఇంటి వంటవాడు స్మెర్ద్యకోవ్‌కి ఇచ్చాడు. అతను హంతకుడు. ఫ్యోదర్ అన్న తన సొంత పేరు, తాగి తందనాలాడే సిగ్గులేని ముసలి తండ్రికి తగిలించాడు. దేవుడి మీద తనకున్న సందేహాలన్నీ అన్నదమ్ముల్లో రెండోవాడు ఇవాన్ నోట పెట్టాడు. రచయితేమో దేవుణ్ణి నమ్మినవాడు. మరి పిల్లాడు పోయిన కడుపుకోత? అది మఠానికి మొక్కు తీర్చుకోడానికొచ్చిన ఒక పల్లెటూరి ఆడమనిషిది. తన బిడ్డకి మూడేళ్ళకి మూడు నెలలు తక్కువ అని లెక్క చెప్పి ఏడుస్తుంది. కాసేపు కనిపించి వెళ్ళిపోతుంది.

ఒక్క మనిషి లోపలి సంగతి అయిదు చోట్లకి పోయింది. ఏ ఒక్కరిలోనూ రచయిత పూర్తిగా లేడు. ఎక్కువ అసహ్యపడాల్సిన చోట ఎక్కువ సొంతది పెట్టాడు. మేష్టారు ఈ పంపకాన్ని బోర్డు మీద వాటాల కాగితంలా గీస్తారు, ఎడమ వైపు వస్తువు, కుడి వైపు పుచ్చుకున్నవాడు. అన్నదమ్ముల పంపకాలు చూసిన ఊళ్ళవాళ్ళకి అది చిటికెలో ఎక్కుతుంది.

తర్వాత సొంతంగా చేయాలి. ఏడు వస్తువులు రాసుకోమంటారు: మీ ఒంట్లో ఉన్న ఒక జబ్బు లేదా లోపం, మీరు ఆడిన ఒక అబద్ధం, మీరు గర్వపడే ఒక పని, ఇప్పటికీ జవాబు చెప్పలేని ఎదుటివాళ్ళ వాదన ఒకటి, ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు, తీరని ఒక పగ, ఎవరికీ చెప్పని ఒక ఇష్టం. వీటిని మూడు పాత్రలకి పంచాలి. ఏ పాత్రకీ మూడుకి మించి ఇవ్వకూడదు. గర్వపడే పని మీకు నచ్చని పాత్రకే పోవాలి. జవాబు లేని వాదన మీ కథానాయకుడికి ఎదురు నిలిచేవాడికే పోవాలి. ఈ రెండూ రాయితీ లేని షరతులు.

ఎందుకీ షరతులంటే, కథల్లో అసలు చెడేది ఇక్కడే. రాసేవాళ్ళు తమ వాదన నాయకుడికిచ్చి, ఎదుటివాడికి పిచ్చి వాదన ఇస్తారు. అప్పుడు గొడవ గెలిచేసినట్టుంటుంది గానీ కథలో గొడవే ఉండదు. కొడుకు చదువుకున్నవాడు, తండ్రి మొండివాడు. కోడలు మంచిది, అత్త గయ్యాళి. మనసులో రెండు వైపులూ సమానంగా లాగుతుంటే కాగితం మీద ఒక వైపు తాడు తెంపేసినట్టే. అత్తకి నిజంగా గట్టి వాదన ఇచ్చి చూడండి, కోడలు అడుగు వెయ్యడానికి రచయితే చెమట కక్కాలి. ఆ చెమట కథకి పనికొస్తుంది.

ఈ తరగతిలో ఒక లోటుంది. అంతా ఒక్క పాత్రలో పోసినా నిలబడే సందర్భముంది, అది చెప్పరు. టాల్‌స్టాయ్ 1862లో పెళ్ళికి ముందు తన పాత డైరీలు కాబోయే భార్య చేతిలో పెట్టాడు. ఆయన నవల 'అన్నా కరెనినా'లో ముఖ్యపాత్ర లెవిన్ అదే పని చేస్తాడు. బతుకు మీద విరక్తి ముంచుకొచ్చిన రోజుల్లో ఎక్కడ ఉరేసుకుంటానో అని తాడు దాచేసుకున్నానని టాల్‌స్టాయ్ తన సొంత కథనంలో ఒప్పుకున్నాడు; లెవిన్ కూడా తాడు దాచుకుంటాడు. పేరు కూడా టాల్‌స్టాయ్ సొంత పేరు లేవ్ నించి వచ్చిందే. దాపరికమే లేదు. అయినా అది ఆత్మకథలా అనిపించదు. కారణం, అదే పుస్తకంలో లెవిన్‌తో దాదాపు సంబంధమే లేని అన్నా ఉంది. అంత పెద్ద నవలలో వాళ్ళిద్దరూ కలిసేది ఒక్కసారి. ఒకే ప్రశ్న ఇద్దరు మనుషుల్లో రెండు దారుల్లో పోతుంది. అంటే ఇది కూడా పంపకమే, పద్ధతి వేరు. నవల రాయాలనుకునేవాళ్ళకి ఈ రెండో పద్ధతి ఎక్కువ పనికొస్తుంది. మేష్టారిని అడిగితే విరామంలో చెప్తారు, పాఠంలో మాత్రం లేదు.

ఇంకో ఫిర్యాదు. ఉదాహరణలన్నీ రష్యా నించేనా? హేతువాదిగా పేరుపడ్డ త్రిపురనేని రామస్వామికి కొడుకై పుట్టి, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో తర్కించి తర్కించి తననే నమిలేసుకునే సీతారామారావుని తయారుచేశాడు. ఇంట్లో దొరికిన ఆయుధమే పాత్ర చేతిలో పెట్టి, దాని రెండో అంచు చూపించాడు. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? పాత కథలూ పత్రికలూ కావాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. రైల్లో వెళ్ళి రావొచ్చు. తరగతి వాళ్ళు ఒక రోజు అక్కడికి తీసుకెళ్తే అయిదో ఆదివారం సార్థకమయ్యేది.

ఇప్పుడు నమూనా. ఇచ్చే కాగితాల్లో ఒకటి నేత ఇంటి కథ. గొడవ వాక్యం ఇది: సూరత్ వెళ్ళి డబ్బు పంపాలని ఉంది, కానీ ఈ వీధిలో తనంత చెయ్యి తిరిగిన నేతగాడు లేడనే పేరూ కావాలి. బరంపురం ఉన్న గంజాం జిల్లా వాళ్ళలో సూరత్ మిల్లులకి పోనివాళ్ళు ఎవరున్నారు గనక, గదిలో ఉన్నవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. మొదటి రాత ఇలా ఉంటుంది:

"పెద్దవాడి మనసు రెండుగా చీలిపోయింది. ఒకవైపు సూరత్, ఇంకోవైపు అమ్మ. ఏం చెయ్యాలో పాలుపోక రాత్రంతా కుమిలిపోయాడు."

దిద్దిన రాత:

"పొద్దున్నే రైలు. పెద్దవాడు మగ్గం గుంటలోకి దిగి, పాత పడుగు కొసలకి కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలేసి అతుకుతున్నాడు. అమ్మ కండెలు చుడుతోంది.
'ఇంత పడుగు ఎవుడు నేస్తాడ్రా?' అంది.
వాడు పలకలేదు. చిన్నవాడు గడప మీద కూచుని ఉన్నాడు. 'నువ్వెల్తేనే గదన్నా నాను గుంటలోకి దిగేది. ఎన్నాళ్ళని కండెలు అందించను?' అన్నాడు.
ఇంకా నాలుగొందల పోగులున్నాయి."

తేడా ఎక్కడుందో చూడండి. చీలిపోయిన మనసు గురించి ఒక్క మాటా లేదు. పడుగంటే మగ్గం మీద నిలువుగా ఉండే పోగులు. తను నెయ్యబోని పడుగుని తనే అతుకుతున్నాడు. వెళ్ళిపోవడమూ వదల్లేకపోవడమూ రెండూ ఆ వేళ్ళలోనే ఉన్నాయి. గట్టి వాదన తమ్ముడికి పోయింది, అదీ అన్నకి జవాబు లేని వాదన. అన్న త్యాగం చేస్తున్నాననుకుంటే, తమ్ముడికి అది ఇన్నాళ్ళూ తను కూచోవలసిన చోట ఎవరో కూచోవడం. అమ్మ ప్రశ్న మామూలు ప్రశ్నే, పనికి సంబంధించిందే. అందుకే తగులుతుంది. ఆమె చేత "నన్నొదిలి వెళ్ళిపోతావా" అనిపించి ఉంటే మొదటి రాతకీ దీనికీ తేడా ఉండేది కాదు.

ఈ కాగితంలోనే ఒక తప్పు దొర్లింది, అచ్చులో అలాగే ఉంది. కింది పేరాలో "నాడెలో పడుగు తెగింది" అని రాశారు. నాడెలో ఉండేది పేక, అంటే అడ్డంగా పడే నూలు. కండె మీద చుట్టిన పేక నూలు నాడెలో కూచుని అటూ ఇటూ తిరుగుతుంది. పడుగు మగ్గం మీద నిలువునా సాగదీసి ఉంటుంది, తెగితే అక్కడే తెగుతుంది. పట్టుచీరలు నేసే ఊళ్ళో ఈ తప్పుతో కాగితం పంచడం బావులేదు. మాట పట్టింపు కోసం చెప్పడం లేదు. పాత్ర లోపలి గొడవ చేతిపనిలోంచి కనిపించాలన్నప్పుడు ఆ చేతిపని కచ్చితంగా ఉండాలి. పని తప్పయిందంటే నేతవాడు కథ పక్కన పడేస్తాడు, మనసు గురించి మీరెంత నిజం రాసినా వాడికి అబద్ధంలానే ఉంటుంది.

మూడో ఆదివారం అనువాదం చేసే ఆవిడది. ఇలాంటి పాఠం హైదరాబాదులోనో విజయవాడలోనో చెప్పే అవసరం రాదేమో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైన దగ్గర్నించీ ఇక్కడి తెలుగిళ్ళల్లో భాష రెండు అరల పెట్టె. బడి, కచేరీ, పోలీసు ఒడియాలో. వంటిల్లు, తిట్లు, చావు కబురు తెలుగులో. అలాంటి ఇంట్లో పెరిగినవాడి లోపలి గొడవ ఏ భాషలో జరుగుతుంది? పాత్ర గురించి ఆవిడ నాలుగు ప్రశ్నలు వేస్తారు: ఏ భాషలో లెక్కపెడతాడు, ఏ భాషలో అబద్ధమాడతాడు, ఏ భాషలో క్షమాపణ అడుగుతాడు, ఏ భాషలో మొక్కుకుంటాడు? నాలుగింటికీ ఒకే జవాబు వస్తే పాత్ర ఇంకా తయారవ్వలేదని కాగితం వెనక్కిచ్చేస్తారు.

పై కథలోనే ఇంకో ముక్క దీనికి తీసుకుంటారు. సూరత్ నించి ఫోను. అమ్మ "ఈ యాత్రకైనా వస్తావేటిరా" అంటుంది. యాత్రంటే ఊరి అమ్మవారు బుధి ఠాకురాణి జాతర. కొడుకు "ఆసిబి, ఆసిబి" అంటాడు. వస్తాను వస్తాను అని. పక్కన గదిలో తోటి పనివాళ్ళంతా ఒడియావాళ్ళు గనక ఒడియా వచ్చిందని అనుకోవచ్చు. కానీ ఆ మాట తెలుగులో అంటే అమ్మకి ఇచ్చిన మాటవుతుంది, నిలబెట్టుకోవాలి. ఒడియాలో అంటే ఫోను పెట్టేయడానికి అన్న మాట. అమ్మకి రెండు భాషలూ వచ్చు గనక ఆమెకీ తెలుసు. ఒక్క క్రియాపదంతో అంత పని జరిగింది. దీన్ని వివరించే వాక్యం ఒక్కటి రాసినా ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేస్తారు.

ఎన్ని ఒడియా మాటలు పెట్టాలి? ఆవిడ లెక్క పేజీకి ఒకటీ రెండు. పక్కన అర్థం రాయకూడదు, ఎదుటి మనిషి జవాబులోంచి అర్థం తేలాలి. రాత విషయంలో చెవికి వినబడినట్టే రాయమంటారు, 'ఘర' కాదు 'ఘొరొ' అని. దీంతో పూర్తిగా ఏకీభవించలేం. ఒడియాలో హల్లుకి 'ఒ' పలుకుతుంది నిజమే గానీ, గుంటూరు పాఠకుడికి వరసగా నాలుగు ఒత్వాలు కనిపిస్తే నాలుక తిరగక మాట దాటేస్తాడు. బాగా వాడుకలో ఉన్న మాటకి తెలుగు రాత ఉంచి, పాత్ర ఒడియాలోకి దాటిన చోట మాత్రం వినబడినట్టు రాస్తే సరిపోతుంది.

ఈ తరగతిలోనే ఒక గట్టి దెబ్బ వేస్తారు. చేరినవాళ్ళ రాతల్లో నాయకుడు పుస్తకాల తెలుగు మాటాడతాడు, పనిమనిషీ రిక్షావాడూ యాస మాటాడతారు. ఇది పాత్రల సంగతి కాదు, రచయిత దాచుకున్న సిగ్గు. తనూ ఇంట్లో "ఎల్తాను, వొత్తాను" అనే మాటాడతాడు. కాగితం మీద ఆ నోటిని పనిమనిషికి బదలాయించి తను చేతులు కడుక్కుంటాడు. పంపకం ఇక్కడా జరిగింది, తెలియకుండా, తప్పుగా జరిగింది. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, జనం మాటాడే తెలుగు కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి నడిచిన నేల మీద కూచుని మనం ఈ పని చేస్తే ఎలా అని ఆవిడ ఒక్క మాటంటారు. ఆగస్టు 29న దండలు వేసే సభల్లో వినే ఉపన్యాసాల కన్నా ఆ ఒక్క మాట పదునుగా ఉంది.

ఆవిడే ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 'పరజా' గురించి చెప్తారు. 1945లో వచ్చిన నవల. రచయిత సర్కారు అధికారి, కొరాపుట్ వైపు పనిచేసినవాడు. అడవి బిడ్డల మీద జాలి చూపించే మంచి ఆఫీసరు పాత్ర ఒకటి పెట్టుకుని తనని తాను దాంట్లో కూచోబెట్టుకోవడం ఎంత సులువు! ఆ నవల్లో పరజా తెగ మనిషి సుక్రు జాని బతుకు కూలడం మొదలయ్యేది ఫారెస్టు గార్డు వల్ల. జుర్మానా, దానికోసం అప్పు, అప్పుకి వెట్టి. తను జీతం తీసుకునే సర్కారు మనిషినే మొదటి దెబ్బ కొట్టేవాణ్ణి చేశాడు. ఉద్యోగంలో ఉంటూ రాసేవాళ్ళు, ముఖ్యంగా టీచర్లూ గ్రామసేవకులూ బ్యాంకువాళ్ళూ, దీన్ని మననం చేసుకోవాలి. మీ కథల్లో మీ కుర్చీలో కూచున్నవాడు ఎప్పుడూ మంచివాడే అయితే ఆ కుర్చీ మీద మీకున్న అనుమానం ఎక్కడికి పోయినట్టు?

నాలుగో తరగతి దాపరికం గురించి. అవసరమైన పాఠం, సగమే చెప్పారు. పేరు మార్చండి, ఊరు మార్చండి, వృత్తి మార్చండి అంటారు. చాలదు. బుధి ఠాకురాణి యాత్రలో మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు గదా, రంగు పూసుకుని పులేషం కట్టినా వీధిలో పిల్లలు "ఫలానా మాఁవ" అని పట్టేస్తారు, నడకని బట్టి. కథల్లోనూ చుట్టాలు పట్టేది నడకే: మాట మాటకీ వచ్చే ఊతపదం, కంచంలో ముందు కలుపుకునేది, పాత సరిహద్దు తగాదా, ఆ ఆపరేషను. తెలుగువాళ్ళు వీధులకి వీధులు చుట్టరికాలతో అల్లుకుని ఉన్న ఊళ్ళో ఒక్క ఊతపదం చాలు, పెళ్ళిలో మీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది.

మార్చాల్సింది మనిషిని కాదు, జరిగినదాన్ని. మీ ఇంట్లో గొడవ ఇంటి వాటా మీద అనుకోండి. లోపల నలిగింది దేనికి? న్యాయంగా రావలసింది తీసుకుంటే ప్రేమ పోతుందనా? అయితే ఆ తూకం అలాగే ఉంచి వస్తువు మార్చాలి. ఇల్లు తీసేసి, మంచాన పడ్డ తల్లిని ఎవరు ఉంచుకోవాలన్నది పెట్టండి, లేదా ఒకే ఒక్క పాత మగ్గం పెట్టండి. లాభనష్టాలు రెండు వైపులా అంతే బరువుండాలి. అలా మార్చాక ఒక విచిత్రం జరుగుతుంది. నిజంగా జరిగినదాంట్లో మీకు కనపడని ఎదుటివాళ్ళ కారణాలు కొత్త వస్తువు దగ్గర కనిపిస్తాయి. దాపరికం చుట్టాల కోసమనే మొదలెడతాం గానీ దానివల్ల ఎక్కువ బాగుపడేది కథే. తరగతిలో ఇది చెప్పలేదు. బదులు, ఏ పాత్రా ఎవరినీ ఉద్దేశించినది కాదని కథ కింద ఒక లైను వేసుకోమన్నారు. ఆ లైను చూస్తేనే జనం వెతకడం మొదలెడతారు.

అయిదో ఆదివారం వంద ప్రశ్నల ఫారం నింపిస్తారు. పాత్రకి ఇష్టమైన రంగు, రాశి, నక్షత్రం, చిన్నప్పటి పెంపుడు జంతువు. కోరికలు రెండూ తెలియని పాత్రకి నక్షత్రం తెలిసి ఏం లాభం? ఆ రోజు మానేసినా నష్టం లేదు.

ఆరో ఆదివారం రాతప్రతులు. కథో, నవల్లో ఒక భాగమో, 1,500 మాటలకి మించకుండా ముందు వారమే ఇవ్వాలి. దిద్దే పద్ధతి చాలా బావుంది. అంచున మూడు గుర్తులు. బాధ, ఆవేదన, అపరాధభావం లాంటి మాటల చుట్టూ సున్నా. పాత్రకి తెలిసే వీల్లేని సంగతి పాత్ర తలపోస్తే పక్కన నిలువు గీత. పాత్ర నోరు తెరిచినా వినబడేది రచయిత గొంతయితే 'నే' అని ఒక అక్షరం. సున్నాలు ఎక్కువున్న రాతని బాగుచేయడం సులువు, ఆ మాటలు తీసి ఒక పని పెడితే చాలు. నిలువు గీతలు కథ చెప్పే కోణం తప్పిందని చెప్తాయి. 'నే'లు గుంపుగా ఒకే పాత్ర చుట్టూ చేరితే మాత్రం రెండో వారానికి వెనక్కి పోవాలి, పంపకమే తప్పు. ఈ మూడు గుర్తులు ఇంటికి తెచ్చుకుని పాత రాతల మీద వాడుకోవచ్చు. రాసి రెండు మూడు నెలలు పక్కన పడేసిన రాతయితే ఇంకా మంచిది. నిన్న రాసినదాంట్లో 'నే' మనకి కనబడదు.

చిక్కు టైము దగ్గర. 12 మంది, 180 నిమిషాలు, మనిషికి 15 నిమిషాలు. ఒక్కొక్కరి రాత చదివి వినిపించడానికే పది నిమిషాలు పోతాయి. మిగతా అయిదు నిమిషాల్లో ఏం చెప్పగలరు? ఎనిమిది మందినే తీసుకోవాలి, లేదా చదివి వినిపించడం మానేయాలి. రాసి పంపుతామన్న అభిప్రాయం 15 రోజుల్లో అని చెప్పి నెల దాటాక పంపుతున్నారు. వచ్చింది మాత్రం పనికొచ్చేదే, చేతిరాతతో రెండు పేజీలు, పొగడ్త ఒక్క వాక్యం.

డబ్బు కట్టేముందు ఒక హెచ్చరిక. ఇంట్లో చావు జరిగి ఏడాది తిరగనివాళ్ళు, కోర్టులో తగాదా నడుస్తున్నవాళ్ళు ఆ విషయం మీదే చీటీలు రాయకండి. పచ్చిగా ఉన్నదాన్ని పంచలేరు. గట్టి వాదన ఎదుటివాడికి ఇమ్మంటే చెయ్యి రాదు, రానక్కర్లేదు కూడా. అలాంటప్పుడు గదిలో ఎవరైనా ఏడిస్తే చూసుకునే ఏర్పాటు అక్కడ లేదు. మేష్టారు మంచినీళ్ళిచ్చి కూచోబెడతారు, అంతవరకే. పాత గాయం ఏదైనా చాలు, పదేళ్ళ నాటి చిన్న అవమానం కూడా ఆరు వారాలకి సరిపోతుంది.

మిగతావి చకచకా. కుర్చీలు ప్లాస్టిక్‌వి, రాసుకోడానికి చెక్క లేదు, అట్ట తీసుకెళ్ళాలి. ఫ్యాన్లు రెండు, కిటికీ వైపు కూచుంటే వీధి చప్పుడుకి వెనకవాళ్ళ మాట వినబడదు. టీ ఒకసారి, ఫీజులోనే. పర్లాకిమిడి నించి పొద్దున్న బస్సు పట్టుకుంటే మొదటి అరగంట పోతుంది. గుణుపురం, రాయగడ వాళ్ళు శనివారం సాయంత్రానికే చేరుకోవడం నయం. ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి, చైత్రంలో నెల రోజుల పైచిలుకు. ఆ రోజుల్లో తరగతి పెట్టరు, పెట్టినా ఆ జనంలో మేడ దాకా చేరలేరు. రెండూ మూడూ తరగతులకే విడిగా ఫీజు తీసుకుంటారా అని అడిగితే ఒప్పుకోవడం లేదు గానీ, కట్టాక అయిదో వారం రానంటే ఏమీ అనరు. మూడో వారానికి వెళ్ళేటప్పుడు రెండు రంగుల పెన్సిళ్ళు ఉంచుకోండి, తెలుగుకి ఒకటి, ఒడియాకి ఒకటి. పాత్ర ఏ వాక్యం దగ్గర రంగు మారుస్తాడో గీసుకుంటూ పోవాలి, అక్కడ అడిగేది అదే.